రేనాటి నేరానికి లండన్‌లో కోర్టు లేదు

కోయిలకుంట్ల కోట బురుజు మీద 1847 ఫిబ్రవరిలో ఒక మనిషి తలను వేలాడదీశారు. 1877 దాకా దించలేదు. ఆ ముప్పై ఏళ్లూ శిస్తు కట్టడానికొచ్చిన రైతు, సంతకొచ్చిన ఆడమనిషి, కచేరీకొచ్చిన కరణం అందరూ దాన్ని చూస్తూ తిరిగినవాళ్లే. మధ్యలో ఈస్టిండియా కంపెనీ పోయి రాణి పాలన వచ్చింది. కడప జిల్లాలో ఉన్న కోయిలకుంట్ల 1858లో కర్నూలు జిల్లాలో కలిసింది. తల మాత్రం ఉన్నచోటే ఉంది. చివరికి దించింది ధాత కరువు నడుమ. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా తన జనంలో దాదాపు నాలుగో వంతును పోగొట్టుకుంది. ఎవరిని బెదిరించడానికి ఆ తలను అక్కడ ఉంచారో, వాళ్లలో ఎందరో ఆకలికే పోయారు.

ఆ తల ఉయ్యాలవాడ నరసింహారెడ్డిది. ఇవాళ ఓర్వకల్లులోని విమానాశ్రయానికి ఆయన పేరుంది, ఆయన మీద కోట్లు పోసి తీసిన సినిమా ఉంది. పేరు నిలబడిన తీరు గురించి చాలామంది రాశారు. నేను రాయదలుచుకున్నది ఆయన పడిపోయిన తీరు గురించి, ఆ పడగొట్టిన చేతులను అడిగే కోర్టు ఎక్కడా లేకపోయిన సంగతి గురించి.

ఒకవైపు ఎర్రమల, ఒకవైపు నల్లమల, నడుమ కుందూ పారే నల్లరేగడి నేల రేనాడు. ఇప్పటి నంద్యాల జిల్లాలో నంద్యాల, ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల, బనగానపల్లె వైపు ఊళ్లన్నీ ఆ నేలలోవే. 1800లో నిజాం ఈ ప్రాంతాలను కంపెనీకి రాసిచ్చాక దత్త మండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా థామస్ మన్రో వచ్చాడు. అప్పటికి ఇక్కడ దాదాపు ఎనభై మంది పాళెగాళ్లున్నారు. వాళ్ల కోటలు కూలగొట్టి, సైన్యాలను చెదరగొట్టి, లొంగినవాళ్లకు పింఛన్లు పడేశారు. మన్రోకు రాయలసీమలో మంచి పేరే ఉంది, పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్న కాలమూ ఉంది. పాళెగాళ్ల ఇళ్లలో మాత్రం ఆ పేరు వేరుగా వినపడి ఉంటుంది. నొస్సం పాళెగాడు జయరామిరెడ్డి పాళెం అలాగే పోయింది. ఆయన మనవడే నరసింహారెడ్డి.

మనవడి వాటాకు వచ్చిన పింఛను నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. తాతల నాడు శిస్తు వసూలు చేసిన ఊళ్లలో ఈ మనిషి ఖజానా ముందు చెయ్యి చాపాలి. 1846లో ఆ కాస్త డబ్బు కోసం మనిషిని పంపితే కోయిలకుంట్ల తహశీల్దారు ఇవ్వలేదు, తిట్టి, ఆయన్నే రమ్మన్నాడని కథనం. అదే కాలంలో కట్టుబడి బోయల మాన్యాలు కూడా పోతున్నాయి. ఊరి కాపలాకు తరతరాలుగా ఇచ్చిన భూములవి. కాపలా ఇక ప్రభుత్వం చూసుకుంటుంది గనుక మాన్యం అక్కర్లేదన్నారు. పదకొండు రూపాయల అవమానం ఒక్కటే అయితే అది ఒక ఇంటి గొడవగా ముగిసేది. మాన్యాలు పోయిన వందల బోయ కుటుంబాలు తోడైతేనే తిరుగుబాటైంది. సినిమాల్లో, పాటల్లో ఒక్కరి పేరే ఉండడం మన అలవాటు.

1846 జులైలో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. అక్కడి నుంచి గిద్దలూరు వైపు, నల్లమల అంచుల వెంట పోరు సాగింది. రక్తం రెండు వైపులా పారింది. కంపెనీ కొలువులో ఉన్న మనవాళ్లే కొందరు ఆ దాడుల్లో చచ్చిపోయారు, ఆ మాట దాచిపెట్టడం న్యాయం కాదు. అక్టోబరు 6 రాత్రి పేరుసోముల దగ్గరి జగన్నాథ కొండ మీద నరసింహారెడ్డి పట్టుబడ్డాడు. తర్వాత జల్లెడ పట్టినట్టు ఊళ్లను వెతికారు. కంపెనీ లెక్కల్లో 901 మంది మీద కేసులు, 112 మందికి 5 నుంచి 14 ఏళ్ల దాకా శిక్షలు. 412 మంది మీద నేరం రుజువు కాలేదు. అంటే వందలాది రేనాటి కుటుంబాలు ఏ తప్పూ లేకుండానే ఆ ఏడాది కచేరీల చుట్టూ, ఠాణాల చుట్టూ తిరిగాయి. వాళ్ల పేర్లు ఎవరూ పాడలేదు.

రాజద్రోహం, హత్య, దోపిడీ అని నేరాలు చదివి ఉరి వేశారు. 1847 ఫిబ్రవరి 22 ఉదయం జుర్రేటి దగ్గర, కడప కలెక్టరు కాక్రేన్ ఎదుట, రెండు వేల మందికి పైగా జనం చూస్తుండగా. శిక్ష అక్కడితో అయిపోవాలి. అవలేదు. తల కోసి బురుజుకు కట్టారు.

ఇక్కడొక తారీఖు చెప్పాలి. ఉరి తీసినవాడి శవాన్ని గొలుసులతో వేలాడదీయడం ఇంగ్లండులో 1834లోనే చట్టం చేసి మానేశారు. ఇది అనాగరికమని, నాగరిక దేశానికి తగదని వాళ్ల పార్లమెంటుకే తోచింది. తోచిన పదమూడేళ్లకు వాళ్ల అధికారులు కోయిలకుంట్లలో ఆ పనే చేశారు, ముప్పై ఏళ్లు కొనసాగించారు. ఇంగ్లండు ఊళ్లవాళ్ల కళ్లకు పనికిరాని దృశ్యం ఉయ్యాలవాడ వాళ్ల కళ్లకు పనికొచ్చింది. శవానికి నొప్పి ఉండదు గనుక దీన్ని చిత్రహింస అనకూడదని న్యాయవాదులు అనొచ్చు. ఆయన ఇంటివాళ్లు కళ్లున్నవాళ్లే కదా.

సముద్రం అవతల చేసిన దారుణాన్ని సొంత దేశపు కోర్టులో విచారించే పద్ధతి అప్పటికి ఇంగ్లండులో లేదా అంటే, ఉంది. అదే నన్ను తొలిచే విషయం.

1801 చివర్లో ట్రినిడాడ్ దీవిలో లూయిసా కాల్డరాన్ అనే పిల్లను దొంగతనం అనుమానం మీద పట్టుకున్నారు. పద్నాలుగేళ్లు ఉంటాయేమో. ఒక మణికట్టుకు తాడు కట్టి పైకి లాగి, బరువంతా ఒక కాలి కింది మొనదేలిన మేకు మీద పడేట్టు నిలబెట్టారు. ఆ హింసకు అనుమతిస్తూ సంతకం చేసినవాడు దీవి గవర్నరు థామస్ పిక్టన్. అధికారులు విదేశాల్లో చేసిన నేరాలను బ్రిటన్‌లోనే విచారించడానికి 1802లో పార్లమెంటు చట్టం చేసింది. పిక్టన్‌ను లండన్‌లోని కింగ్స్ బెంచ్ కోర్టులో నిలబెట్టారు. నల్లజాతి రక్తం ఉన్న ఆ పిల్ల స్వయంగా లండన్ వచ్చి సాక్ష్యం చెప్పింది. 1806 ఫిబ్రవరిలో జ్యూరీ అతడు దోషి అంది.

దోషి అన్నది గానీ శిక్ష పడలేదు. మళ్లీ విచారణ కావాలన్నారు. స్పెయిన్ నుంచి వచ్చిన దీవిలో స్పెయిన్ చట్టం చిత్రహింసకు ఒప్పుకుంటుందా లేదా అని 1808లో ఇంకో జ్యూరీ తలలు బద్దలు కొట్టుకుంది. కోర్టు తుది తీర్పు ఇవ్వకుండానే కేసు మూలన పడింది. 1815లో వాటర్లూ యుద్ధంలో చనిపోయిన పిక్టన్‌కు సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో స్మారకం కట్టారు. ఒక గవర్నరును ఒక పిల్ల బోనెక్కించిందన్న మాట మాత్రం రికార్డులో ఉండిపోయింది.

మద్రాసుకూ ఆ దారి తెలియనిది కాదు. 1776లో మద్రాసు కౌన్సిల్ సభ్యులు తమ గవర్నరు లార్డ్ పిగట్‌నే నిర్బంధించారు. ఆయన ఆ నిర్బంధంలోనే చనిపోయాడు. లండన్‌లో ఆ సభ్యుల్లో స్ట్రాటన్‌తో సహా నలుగురి మీద కేసు నడిపి, 1780లో తలా వెయ్యి పౌన్ల జరిమానా వేశారు. డబ్బున్న వాళ్లకు వెయ్యి పౌన్లు పెద్ద బాధ కాకపోవచ్చు. అయినా మద్రాసులో జరిగిన పనికి లండన్‌లో జవాబు చెప్పించారు, ఎందుకంటే బాధపడ్డవాడు ఇంగ్లీషువాడు, పైగా లార్డు. 1784 నాటి పిట్ చట్టం భారతదేశంలో కంపెనీ ఉద్యోగుల నేరాలకు ప్రత్యేక కోర్టును కూడా సృష్టించింది. ఆ కోర్టు కాగితం మీదే ఉండిపోయింది. వారన్ హేస్టింగ్స్ మీద అభిశంసనలో ఎడ్మండ్ బర్క్ రంగపూర్ రైతుల మీద జరిగిన చిత్రహింసలను వర్ణిస్తుంటే సభలో ఆడవాళ్లు సొమ్మసిల్లారని చెబుతారు. ఏడేళ్ల విచారణ తర్వాత, 1795లో హేస్టింగ్స్ నిర్దోషిగా బయటికి నడిచాడు.

అంటే తలుపు ఉంది. మనవాళ్లు తట్టగలిగే ఎత్తులో లేదు. ట్రినిడాడ్ పిల్ల తరఫున పగబట్టి పనిచేసిన బ్రిటిష్ అధికారి ఒకడున్నాడు, పిక్టన్ శత్రువు. నరసింహారెడ్డి భార్యాబిడ్డల తరఫున అలా నిలబడినవాడు ఒక్కడూ లేడు.

ఆయన్ను ఉరితీసిన ఏడేళ్లకు, 1854 జులైలో, లండన్ పార్లమెంటులో మద్రాసు రాజధాని రైతుల మాట వచ్చింది. శిస్తు వసూలు కోసం రైతులను చిత్రహింస పెడుతున్నారని డాన్బీ సేమర్ అనే సభ్యుడు అన్నాడు. కంపెనీ వాళ్లు మొదట కొట్టిపారేశారు, తర్వాత విచారణకు ఒప్పుకోక తప్పలేదు. ఆ సెప్టెంబరులో మద్రాసు ప్రభుత్వం ఇలియట్, స్టోక్స్, జాన్ బ్రూస్ నార్టన్ అనే ముగ్గురితో కమిషన్ వేసింది. కమిషన్ గడువు కొద్ది నెలలే. పల్లెల్లో చాటింపు సరిగా వెళ్లనే లేదు. అయినా 1,959 ఫిర్యాదులు వచ్చాయి. వందల మైళ్లు నడిచి మద్రాసు చేరినవాళ్లున్నారు.

1855 నివేదికలో ఆ హింసల పట్టిక ఉంది. వేళ్లను రెండు చెక్కల మధ్య పెట్టి నొక్కడానికి తెలుగు జిల్లాల్లో చీరట అంటారని రాసుకున్నారు. తలను కాలి బొటనవేళ్ల దాకా వంచి కట్టి, వీపు మీద రాయి పెట్టి, ఎండలో గంటల తరబడి ఉంచడం మరొకటి. కళ్లలో మిరపకారం. జుట్టును గాడిద తోకకు కట్టడం. తిండి, నిద్ర లేకుండా చేయడం. ఇదంతా చాలాసార్లు రెండు మూడు రూపాయల బకాయికి. రైతుకు రసీదు ఉన్నా, పంట ఎండినా ఒకటే లెక్క. కార్ల్ మార్క్స్ 1857లో న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్‌లో ఈ నివేదిక మీదే వ్యాసం రాశాడు. సిపాయిల దారుణాలని గగ్గోలు పెడుతున్న వాళ్లకు వాళ్ల సొంత ప్రభుత్వ నివేదికను, నీలి పుస్తకాన్ని చూపించాడు.

కమిషన్ ధైర్యంగా ఒక మాట చెప్పింది, చిత్రహింస ఉంది అని. రెండో మాట దగ్గర తడబడింది. ఇదంతా నేటివు ఉద్యోగుల పని, దొరలకు ఇందులో భాగం లేదు, జనం దొరలను నమ్ముతున్నారు అని తేల్చింది. తహశీల్దారు మీద శిస్తు ఒత్తిడి పెట్టినవాడు కలెక్టరు, కలెక్టరు మీద పెట్టింది రెవెన్యూ బోర్డు, దాని పైన లండన్ డైరెక్టర్లు. వసూలైన డబ్బు ఆ మెట్లన్నీ ఎక్కింది, నేరం మాత్రం కింది మెట్టు మీద ఆగిపోయింది. తహశీల్దార్లు, డఫేదార్లు మంచివాళ్లని నేననను. వాళ్లు మన రక్తమే తాగారు. కానీ ఆ నివేదిక చదివి ఒక్క కలెక్టరును కూడా లండన్ కోర్టు ముందుకు పిలవలేదు. పిలవడానికి 1802 చట్టం బతికే ఉంది.

ఆ నివేదిక పూర్తిగా వృథా కాలేదు, అదీ చెప్పుకోవాలి. పోలీసునూ రెవెన్యూనూ విడదీసి 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చింది. 1860 శిక్షాస్మృతిలో 330వ సెక్షన్ వచ్చింది. నేరం ఒప్పించడానికో సొమ్ము జాడ చెప్పించడానికో బాకీ వసూలుకో మనిషిని గాయపరిస్తే ఏడేళ్ల దాకా జైలు. దాని కింద ఉదాహరణలు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. పోలీసు అధికారి నేరం ఒప్పుకోమని హింసించడం ఒకటి, రెవెన్యూ అధికారి శిస్తు బకాయి కోసం హింసించడం ఒకటి, జమీందారు రైతును శిస్తు కోసం హింసించడం ఒకటి. 2024 జులై నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షను 120 అయింది. సంఖ్య మారింది గానీ పోలీసు అధికారి ఉదాహరణను తీసేసే రోజు రాలేదు.

పిక్టన్ కేసు వదిలేసిన పనిని ప్రపంచం నూట యాభై ఏళ్లకు పైగా ఆగి మళ్లీ ఎత్తుకుంది. 1984 డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితి చిత్రహింస వ్యతిరేక ఒడంబడికను ఆమోదించింది. చిత్రహింస పెట్టినవాడు మీ గడ్డ మీద దొరికితే, నేరం ఎక్కడ జరిగినా, వాడు ఏ దేశస్తుడైనా, మీరే విచారించండి లేదా విచారించే దేశానికి అప్పగించండి అన్నది దాని సారం. బ్రిటన్ 1988లో అందుకు చట్టం చేసుకుంది. 1998 అక్టోబరులో వైద్యం కోసం లండన్ వచ్చిన చిలీ మాజీ నియంత పినోషేను అరెస్టు చేశాక ఆ కేసు నిలబడింది ఆ ఒడంబడిక బలం మీదే. చివరికి ఆరోగ్యం సాకుతో 2000 మార్చిలో ఇంటికి పంపారు. ఫర్యాది జర్దాద్ అనే అఫ్గాన్ యుద్ధనాయకుడికి ఆ అదృష్టం దక్కలేదు. కాబూల్ దారిలో బాటసారులను హింసించిన నేరానికి 2005లో లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టు అతనికి 20 ఏళ్లు వేసింది. అఫ్గాన్ గడ్డ మీద అఫ్గాన్లను అఫ్గాన్ చేసిన హింస, ఇంగ్లీషు జ్యూరీ తీర్పు.

సామ్రాజ్యం సొంత పాపాలకూ కొంచెం జవాబు వచ్చింది. 1950ల్లో కెన్యా శిబిరాల్లో హింసకు గురైన మావ్ మావ్ తిరుగుబాటు నాటి వృద్ధులు లండన్ హైకోర్టుకెక్కారు. 2013 జూన్ 6న విదేశాంగ మంత్రి విలియం హేగ్ పార్లమెంటులో విచారం చెప్పి, 5,228 మందికి కోటీ 99 లక్షల పౌన్లు ప్రకటించాడు. బాధితులు బతికున్నారు గనుక అడగగలిగారు. రేనాటి వాళ్లకు ఆ వెసులుబాటు లేదు. 1847 నేరానికి ఇవాళ ఏ కోర్టూ విచారణ జరపదు. ఆ లెక్క మూసుకుపోయింది, చట్టం దృష్టిలో.

ఇక మన సంగతి. నంద్యాలకు ఇందులో ఒక చిన్న వాటా ఉంది. 1991 ఉప ఎన్నికలో రికార్డు మెజారిటీతో నంద్యాల లోక్‌సభకు పంపిన పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగానే 1993లో జాతీయ మానవ హక్కుల కమిషన్ వచ్చింది. చిత్రహింస ఒడంబడిక మీద భారత్ 1997 అక్టోబరు 14న సంతకం చేసింది. సంతకం చేసి ఊరుకుంది. ఆమోదించాలంటే దేశంలో చట్టం కావాలి. చిత్రహింస నిరోధక బిల్లు 2010 మే 6న లోక్‌సభలో నెగ్గింది. రాజ్యసభ సెలెక్ట్ కమిటీ అశ్వనీ కుమార్ అధ్యక్షతన దాన్ని గట్టిపరిచి డిసెంబరులో నివేదిక ఇచ్చింది. సభ చర్చించలేదు, 2014లో లోక్‌సభతో పాటు బిల్లూ పోయింది. ఆ అశ్వనీ కుమారే తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్లి చట్టం చేయించమని వేడుకున్నాడు. 2017లో లా కమిషన్ తన 273వ నివేదికలో చట్టం చేయండి, ఒడంబడికను ఆమోదించండి అంది. చట్టం చేయమని పార్లమెంటును మేం ఆదేశించలేమని 2019 సెప్టెంబరు 5న సుప్రీంకోర్టు చెప్పేసింది.

మరుసటి ఏడాది నవంబరులో నంద్యాలలో ఒక కుటుంబం నలుగురూ ప్రాణాలు తీసుకున్నారు. పోలీసుల వేధింపులు భరించలేకపోతున్నామని వాళ్లు వీడియోలో చెప్పిన మాట రాష్ట్రమంతా విన్నది. ఆరోపణలున్న పోలీసులను అరెస్టు చేశారు, వాళ్లకు వెంటనే బెయిలూ వచ్చింది, ఊళ్లో నిరసనలు జరిగాయి. నేరం ఎవరిదో తేల్చడం కోర్టు పని. చిత్రహింస అన్న పేరుతో ఒక నేరం మన పుస్తకాల్లో ఉండి ఉంటే ఆ ఇంటివాళ్లు బతికుండగా పట్టుకోవడానికి ఒక కొస దొరికేదన్నది నా మాట.

ఒడంబడికను ఆమోదించకపోవడం వల్ల నష్టం బయట కూడా తగులుతోంది. పురూలియాలో ఆయుధాలు జారవిడిచిన కేసులో నిందితుడు కిమ్ డేవీని అప్పగించమంటే, భారత జైళ్లలో చిత్రహింస ప్రమాదం ఉందని 2011లో డెన్మార్క్ హైకోర్టు కాదంది. ఇక తిరగేసి చూద్దాం. ఏదో దేశంలో జైలు నడిపి మనుషులను చిత్రవధ చేసిన విదేశీయుడు రేపు హైదరాబాదులో ఇల్లు కొనుక్కుని హాయిగా ఉంటే? మన న్యాయ సంహిత విదేశాల్లో నేరం చేసిన భారత పౌరుణ్ణి పట్టుకోగలదు, అదీ కేంద్రం అనుమతి ఇస్తేనే విచారణ. విదేశీయుడి విషయంలో 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం ఒక్కటే కొంత పనికొస్తుంది. అది యుద్ధాల్లో జరిగిన ఘోరాలకే, పైగా ప్రభుత్వం ఫిర్యాదు చేస్తేనే కోర్టు ముట్టుకోవాలి. బాధితుడు నేరుగా తలుపు తట్టే దారి లేదు. 1847లో మనకు లండన్‌లో లేని దారి, ఇవాళ మన దగ్గరికొచ్చే పరాయి బాధితుడికి మన కోర్టులో లేదు.

నంద్యాల నుంచి, కర్నూలు నుంచి, మీ ఊరి నుంచి లోక్‌సభకు వెళ్లినవాళ్లు ఈసారి మీ వీధికొచ్చినప్పుడు ఒక్క ప్రశ్న వేయండి. 1997లో సంతకం పెట్టిన ఒడంబడికకు చట్టం ఎప్పుడు చేస్తారు, దాని కోసం సభలో మీరు ఒక్కసారైనా లేచి నిలబడ్డారా అని అడగండి.